శాలేమమ్మ చోట్లో కూర్చున్న పిల్లలు

2023 ఫిబ్రవరి. గుంటూరు పక్కన ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ, ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా కూడా పనిచేస్తున్నాను. ఎన్‌ఎస్‌ఎస్ అంటే విద్యార్థులతో సమాజ సేవ చేయించే పథకం. ఏడాదికోసారి పిల్లల్ని తీసుకుని ఏదో ఒక ఊళ్ళో వారం రోజులు మకాం వేసి పనిచేస్తాం. దాన్ని స్పెషల్ క్యాంప్ అంటాం. బయటివాళ్ళకి మాత్రం మేమంటే ర్యాలీ, బ్యానర్, గ్రూప్ ఫొటో. వాళ్ళని తప్పుపట్టలేను, కొన్ని క్యాంపులు అంతకుమించి ఏమీ లేకుండానే గడిచిపోయాయి.

ఆ ఏడాది మేం వెళ్ళిన ఊరు కాలేజీకి గంట ప్రయాణం. మిరప కోతలు జోరుగా ఉన్నాయి. ఊరి చుట్టూ కల్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, బస్సు దిగీ దిగగానే తుమ్ములు మొదలయ్యాయి. కంటి పరీక్షల శిబిరం పెట్టాలని పిల్లలే తీర్మానించారు. మిరప ఘాటులో పనిచేసేవాళ్ళకి ఇంతకంటే పనికొచ్చేది ఏముంటుందని వాళ్ళ లెక్క. ఒక ఆసుపత్రి వాళ్ళని బతిమాలి డాక్టర్‌ని ఒప్పించారు. బడి ఆవరణలో టెంట్ వేశారు. మా కాలేజీ ఫంక్షన్లన్నిటికీ మైకు పట్టుకునే సందీప్ ఇక్కడా మైకు అందుకున్నాడు. కంటిచూపు తగ్గినవాళ్ళు వెంటనే రావాలని ఊరంతా మోగిపోయేలా పిలిచాడు.

నలుగురు ముసలాయనలు వచ్చారు. ఎవరి కోసమైతే ఆ శిబిరం పెట్టామో ఆ కూలి ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు. పని మానుకోలేక రాలేదనుకుని వేళ మార్చాం, అయినా రాలేదు. పిల్లల ముఖాలు వాడిపోయాయి.

మర్నాడు సందీప్‌ని వెంటబెట్టుకుని కల్లానికి వెళ్ళాను. పాతికమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. అది ఎర్రకాయల్లో కలిస్తే మిర్చి యార్డులో ధర పడిపోతుంది. పరీక్షకి ఎందుకు రాలేదని అడిగితే, మా కళ్ళకేం, నిక్షేపంగా ఉన్నాయని అందరూ నవ్వేశారు. సందీప్ ఊరుకోకుండా పని నేర్పమంటూ ఒక పెద్దామె పక్కన చతికిలబడ్డాడు. ఆమె పేరు శాలేమమ్మ. ఆమె కాయని చూడకుండా వేళ్ళతో తడిమి ఏరుతోందనీ, ఆమె పొరపాటున వదిలేసిన తాలుని అవతల కూర్చున్న మనిషి చప్పుడు చెయ్యకుండా తీసేస్తోందనీ వాడు కనిపెట్టాడు. అక్కడ ఆ మాట ఎత్తకుండా, బయటికొచ్చాక నాకు చెప్పాడు. సాయంత్రం చర్చి పక్కనున్న ఆమె ఇంటికి నన్ను తీసుకెళ్ళాడు.

శాలేమమ్మ చాలాసేపు మాట దాటేసింది. చివరికి సందీప్‌నే చూస్తూ చెప్పింది. "నువ్వేమో మైకులో చూపు తగ్గినోళ్ళు రండి అంటివి. నేనొస్తే, నాకు చూపు పోయిందని మా మేస్త్రీకి చెప్పినట్టే గదా బాబూ. తాలు కనపడని దాన్ని ముఠాలో ఎవరు కూర్చోబెట్టుకుంటారు? నాకు వెనకా ముందూ ఎవరూ లేరు."

మర్నాడు టెంట్ దగ్గర సందీప్ మైకు పెట్టలేదు. శాలేమమ్మ ఒప్పుకున్నాక, ఆమెని కూడా తీసుకుని మేస్త్రీ మస్తానమ్మ దగ్గరికి వెళ్ళాం. ముఠాని కూడగట్టి పనికి తీసుకెళ్ళే మనిషి ఆమె. మాట కటువు. విషయం విని, తనకేమీ ఆశ్చర్యం లేదని, రైతు చూస్తే మాత్రం మొత్తం ముఠాకే పని పోతుందని చెప్పింది. ఆమె మాటలో అన్యాయం ఏమీ కనిపించలేదు నాకు.

ఆపరేషన్ చేయిస్తే మళ్ళీ చూపొస్తుందన్నాను. అన్నాళ్ళు చోటు ఖాళీగా పెట్టలేనంది మస్తానమ్మ. అయితే ముఠాలో ఒక కట్టుబాటు ఉందట. ఒంట్లో బాగాలేనప్పుడు ఇంట్లోవాళ్ళు బదులు మనిషిగా వచ్చి కూర్చుంటే ఆ చోటు ఎటూ పోదు, కూలీ ఆ ఇంటికే చేరుతుంది.

"మేం వస్తామండి బదులుకి," అన్నాడు సందీప్.

మస్తానమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. "ఇంటి మనిషే రావాలి. నువ్వు ఈమెకి ఏమవుతావు?"

అప్పటిదాకా తలొంచుకుని ఉన్న శాలేమమ్మే అంది, "మా ఇంటి మనుషులేనే మస్తానమ్మా. రాసుకో."

మస్తానమ్మ సరేనంది. పైగా ముఠా మొత్తం, తనతో సహా, కళ్ళు చూపించుకుంటామని తనే అంది. అందరూ వెళితే ఫలానా మనిషికి చూపు లేదని వేలెత్తి చూపడానికి ఉండదు కదా. ఆ సాయంత్రమే ముఠా అంతా వచ్చి టెంట్ ముందు బారులు తీరింది. మస్తానమ్మకే ముందు కళ్ళజోడు రాశాడు డాక్టర్.

శాలేమమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. ఘాటు సోకకుండా కొన్ని వారాలు కల్లం వైపు రాకూడదన్నారు. క్యాంపు ముగిసినా మా పిల్లలు వంతులు వేసుకుని, రోజుకి ఇద్దరు చొప్పున, తెల్లారే మొదటి బస్సుకి వెళ్ళి ఆమె చోట్లో కూర్చున్నారు. క్లాసులు పోతున్నాయని మా ప్రిన్సిపాల్ గారు విసుక్కున్నా, సంగతి విన్నాక మెత్తబడ్డారు. మొదట్లో చేతులు మండి, అవే చేతులతో కళ్ళు నలుపుకుని, పిల్లలు లబోదిబోమన్నారు. ఆడవాళ్ళు నవ్వుతూనే వాళ్ళ చేతులకి కొబ్బరినూనె రాసేవాళ్ళు. సందీప్ ఏరిన కుప్పనైతే మస్తానమ్మ ఎన్నిసార్లు తిరగబోయించిందో లెక్కలేదు.

కల్లాలు ముగిసే రోజుల్లో, డాక్టర్ సరేనన్నాక, శాలేమమ్మ నల్ల కళ్ళద్దాలతో వచ్చింది. ఆ రోజు సందీప్ వంతు. నేనూ వెళ్ళాను. వాడు కుప్ప చూపించి మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆమె వంగి, వేళ్ళతో తడమకుండా, చెయ్యి చాపి నేరుగా ఒక తాలుకాయ తీసింది. ఇంకోటి తీసింది. "ఇంతంత తాలు కళ్ళెదుటే ఉంటే ఎట్టా వదిలేశావురా?" అంది. వాడికి నవ్వొచ్చి, అంతలోనే ఏడుపొచ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి, అది ఘాటు వల్ల కాదు.

ఇప్పుడు ఏ క్యాంపు తలపెట్టినా పిల్లల్ని నేను ముందు అడిగేది ఒకటే. మన దగ్గరికి వస్తే ఆ మనిషికి ఏం పోతుంది? అది తెలుసుకున్నాకే టెంట్ సంగతి. సేవ చేశామని మాకు సర్టిఫికెట్లు ఇచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ మా పిల్లల్ని తన ఇంటి మనుషులని చెప్పి, తన చోట్లో కూర్చోనిచ్చింది శాలేమమ్మ ఒక్కతే. ఆమెకి నేను ఎప్పటికీ కృతజ్ఞురాలిని.