పన్నెండిళ్ల సందు

ఆసుపత్రి అత్యవసర విభాగంలో చీటీలు రాసే ఆవిడను అందరూ ప్రశ్నలక్క అనేవారు. గాయంతో వచ్చినవాళ్లను పేరు, వయసు అడిగి వదిలేది కాదు. ఎక్కడ తగిలింది, ఏ వేళప్పుడు, దేంతో, అక్కడ ఎవరైనా తాగి ఉన్నారా, అన్నీ అడిగి రాసుకునేది.

"పోలీసులు కూడా ఇన్ని అడగరు కదక్కా!" అని నర్సు నవ్వేది.

"వాళ్లు అడగరనే నేనడిగేది."

బార్ల దగ్గర తలలు పగిలినవాళ్ల లెక్క తేలిగ్గానే తేలింది. ఏ బారు, ఏ గంట అన్నది కాగితం మీద రాసి స్టేషనుకు పంపగానే పోలీసులు గస్తీ పెంచారు. సీసా గాయాలు తగ్గాయి. ఆ ఉత్సాహంలో ఆవిడ పాత చీటీలన్నీ వీధులవారీగా పేర్చింది.

అప్పుడు బయటపడింది ఆ సందు. ఎనిమిది నెలల్లో పద్నాలుగు మంది ఆడవాళ్లు. అందరూ శనివారం మధ్యాహ్నం వచ్చినవాళ్లే. తాగినవాళ్లున్నారా అంటే "లేరు". ఎలా తగిలిందంటే అందరిదీ ఒకటే మాట: మెట్ల మీద జారిపడ్డాను.

మేడమెట్లు విరిగిపోయి ఉంటాయి, మునిసిపాలిటీకి చెబుదాం అనుకుని ఒక పొద్దున చూడటానికి వెళ్లింది.

పన్నెండిళ్లు, ఒకటే వరుస, అన్నీ రేకుల కప్పులు. గడపలు రోడ్డుకు సమంగా ఉన్నాయి. మేడ లేదు. ఒక్క మెట్టూ లేదు.

ఎండ కాస్తోంది, అయినా ఏ ఇంట్లోనూ గిన్నె చప్పుడు లేదు, పసిపిల్ల ఏడుపు లేదు. ఆవిడ నడుస్తుంటే కిటికీ తెరలు ఒక్కొక్కటే కదిలి ఆగిపోతున్నాయి. కుళాయి దగ్గర, గడ్డం కింద కుట్లున్న ఒకామె బిందె నిండి పొర్లుతున్నా కదలకుండా నిలబడి ఉంది.

"అమ్మా, ఇక్కడ మెట్లెక్కడున్నాయి?"

ఆమె చీటీలు రాసే మనిషిని గుర్తుపట్టింది.

"లోపలున్నాయి."

బిందె అక్కడే వదిలేసి వెళ్లి తలుపేసుకుంది. గొళ్లెం పడింది. వెంటనే పక్కింట్లో, ఆ పక్కింట్లో, వరుసంతా గొళ్లాలు పడ్డాయి.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పింది. ఆ ముసలావిడ బట్టలు మడతపెడుతూ వింది.

"మా రోజుల్లో బావిగట్టు ఉండేది. ఆరుసార్లు జారాను. మీ మామగారు పోయాక ఒక్కసారీ జారలేదు."

మడతపెట్టడం మాత్రం ఆపలేదు.

మర్నాడే ప్రశ్నలక్క పేర్లు లేకుండా లెక్క రాసి ఎస్సైకి ఇచ్చింది. ఆ సందు మగవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీ శనివారం రెండింటికి వదులుతుంది, సందు మొదట్లోనే మద్యం దుకాణం ఉంది, మూడు దాటితే గాయాలొస్తాయి.

"అక్కణ్నుంచి ఒక్క ఫిర్యాదూ లేదండీ. చాలా ప్రశాంతమైన చోటు."

"చూశాను సార్. అంత ప్రశాంతం నేనెక్కడా చూడలేదు."

ఎస్సై కాగితాన్ని మళ్లీ మొదట్నుంచి చదివాడు.

శనివారం మధ్యాహ్నాలు దుకాణం మూయించారు. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు సందులో తిరిగారు. ఆసుపత్రిలో నర్సు, వెంట వచ్చిన మొగుళ్లను బయట కూర్చోబెట్టి, ఆడవాళ్లతో విడిగా మాట్లాడింది. మొదటి నెల నలుగురొచ్చారు. ముగ్గురు నిజం చెప్పారు, ఇద్దరు కేసు పెట్టారు. మరుసటి నెల ఒక్కరు. ఆ పై నెల సున్నా.

ఆ సున్నాను ఆవిడ నమ్మలేకపోయింది. దెబ్బలు తగ్గాయా, రావడమే మానేశారా? శనివారం సెలవు పెట్టి వెళ్లింది.

తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇద్దరాడవాళ్లు వీధంతా దద్దరిల్లేలా పోట్లాడుకుంటున్నారు.

"నా తీగ మీద నీ దుప్పటేంటే?"

"నీ తీగేంటి, నువ్వు పట్టా రాయించుకున్నావా?"

ప్రశ్నలక్క గోడకానుకుని, ఆ తిట్లన్నీ తీరిగ్గా వింది.