సిల్వర్ నైట్రేట్ వడ్డన

మొన్న తిరువూరులో మా ఆడపడుచు మనవరాలి పెళ్లికి వెళ్లి, బఫే దగ్గర పళ్లేలు పట్టుకుని నిలబడ్డ జనాన్ని చూస్తుంటే నాకు కాలు ఒకచోట నిలవలేదు. మళ్లీ అంత పొడుగు వరుసలో ఎవరు నిలబడతారని ఒక్కొక్కరూ పులిహోర మీద పనసపొట్టు కూర, దాని పక్కనే పెరుగన్నం కుప్పగా పెట్టుకోవడం, సగం తిని డ్రమ్ములో పడేయడం చూస్తే నా ఈడువాళ్లకు ఎవరికైనా పాత బంతి భోజనాలే గుర్తొస్తాయనుకుంటాను. నాకు మాత్రం వాటితో పాటు అదే ఊళ్లో నేను పనిచేసిన ల్యాబు కూడా గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అక్కడ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ల్యాబుకు ఊళ్లోని పిల్లలు పొద్దున వచ్చేవారు, పెనుగొలను, వినగడప వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లది మధ్యాహ్నం బ్యాచీ. ఇచ్చిన ఉప్పులో ఏముందో కనిపెట్టే ప్రాక్టికల్సు మొదలయ్యాక ఏడాది సగం గడవకముందే సిల్వర్ నైట్రేట్ అడుగంటేది. అది ఖరీదైన మందు, పరీక్షకు నాలుగు చుక్కలు చాలు, అయినా చాలేది కాదు. అప్పటి నుంచి మిగిలిన కాస్తా పొద్దుటి బ్యాచీకే అయిపోయి, మధ్యాహ్నం పిల్లలు నా చేతిలో ఉన్న ఒక్క పరీక్షనాళికను దూరం నుంచి చూసి రికార్డు రాసుకునేవారు. మిల్లు నడుపుతూ కాలేజీ కూడా చూసుకునే మా కరస్పాండెంటు గారు ఒక ఏడు మొదట్లోనే ఇంకో మాట తేల్చేశారు: ఈసారి కూడా మందులు చాలకపోతే వచ్చే ఏటి నుంచి ఎవరి చేతా చేయించనక్కర్లేదు, అందరికీ చూపిస్తే సరిపోతుందని.

ఆ మాట ఎలా పాకిందో గానీ, వినగడప నుంచి వచ్చే ఒక అమ్మాయి ల్యాబు గుమ్మంలో నన్ను ఆపి, "ఈసారైనా మా చేత చేయిస్తారా మేడం, చూడ్డమేనా అండీ?" అని అడిగింది. చూద్దాంలే అనేసి వచ్చాను కానీ ఆ రోజంతా నేను కూర్చున్నది లేదు, నిలుచున్నది లేదు.

ఆ రోజుల్లోనే విజయవాడలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉన్న మా మేనత్త కొడుకు ఇంటికి వచ్చి, నా వెంట కాలేజీకి కూడా వచ్చాడు. కిటికీ పక్కన నిలబడి పిల్లల హడావుడి కాసేపు చూసి, "ఏంటే మరదలా, ఇది ల్యాబా, తిరునాళ్లా?" అన్నాడు. వాళ్ల ఫ్యాక్టరీలో లీన్ అని కొత్త పద్ధతి నేర్పుతున్నారట. అక్కర్లేని నడక, ఊరికే నిలబడి ఎదురుచూడటం, కావలసినదానికన్నా ఎక్కువ తీసుకోవడం, అన్నీ వృథా కిందే లెక్కట. మా సీసాలన్నీ చివరి గోడకున్న ఒకే అలమరలో ఉండేవి, అక్కడ తోపులాట, ఒలకబోత, మళ్లీ అంత దూరం రావాలి కదా అని నాలుగు చుక్కలకు బదులు సగం నాళిక పోసుకోవడం. ఎన్నేళ్లుగానో నేను పిల్లల్ని తిడుతున్నాను తప్ప, ఆ అలమరను తిట్టాలని తోచలేదు.

చిన్న చిన్న డ్రాపర్ సీసాల్లో మందులు పోసి బల్ల బల్లకూ పెడదాం, సిల్వర్ నైట్రేట్ మాత్రం మనమే బల్లల మధ్య తిరుగుతూ చుక్కలు వేద్దాం అని నేనంటే మా కెమిస్ట్రీ హెడ్డు గారు ససేమిరా అన్నారు. ఆయనది అర్చకుల కుటుంబం, పొద్దున్నే గుడిలో పూజ ముగించుకుని కాలేజీకి వచ్చేవారు. బయటికి పోసిన మందు ఎంగిలి, తిరిగి సీసాలో పోయకూడదని ఆయన నియమం. కెమిస్ట్రీ ప్రకారమూ అది సరైనదే కనుక మిగిలిందంతా సింకు పాలయ్యేది. పిల్లలకు పెట్టేచోట చెయ్యి బిగబట్టడం తమ ఇంటా వంటా లేదని ఆయన కోపం. ఆయన గది ముందు పచార్లు చేసి చేసి చివరికి లోపలికి వెళ్లి, బంతి భోజనాల్లో విస్తరి దగ్గరికి వడ్డించేవాడు వస్తాడే గానీ తినేవాళ్లు వంటశాలకు పరుగెత్తరు కదండీ, ముందు కొంచెం వడ్డించి, ఇంకా కావాలా అని మారు అడగడం మీ పద్ధతే కదండీ అన్నాను. మారు అడిగిన పిల్లకు లేదనకూడదన్న షరతు మీద ఆయన ఒప్పుకున్నారు.

తీరా మొదలుపెట్టాక డ్రాపరు నా చేతికి ఇస్తేనా! తీర్థం ఇచ్చినట్టు ఆయనే వరుసలన్నీ తిరుగుతూ చుక్కలు వేసేవారు. ఒకడు అలవాటు కొద్దీ అరచెయ్యి చాపితే, ఒరేయ్, అది తీర్థం కాదురా, నాళిక పట్టు అని ఆయనే పగలబడి నవ్వారు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. పొద్దుటి బ్యాచీలో ఎవరైనా మారు అడిగితే మధ్యాహ్నం వాళ్లకు మిగులుతుందో లేదోనని సిల్వర్ నైట్రేట్ ఉన్న గోధుమరంగు సీసాను రోజూ వెలుగుకు పట్టి చూసుకునేదాన్ని.

ఏడాది చివరి ప్రాక్టికల్ మధ్యాహ్నం బ్యాచీది. ఆ వినగడప అమ్మాయి నాళికలో చుక్కలు పడగానే పాలు విరిగినట్టు తెల్లటి తెట్టె కట్టింది. రాసుకోవడం మానేసి కిటికీ దగ్గరికి వెళ్లి దాన్నే చూస్తూ నిలబడింది, తర్వాత వచ్చి ఇంకోసారి చేయొచ్చా అని మారు అడిగింది. హెడ్డు గారు సీసా వంచి వేశారు. నాకు ఏడుపొచ్చి బయటికి వచ్చేశాను.

చూపించడంతోనే సరిపెడతామన్న మాట కరస్పాండెంటు గారు మళ్లీ ఎత్తలేదు. సీసాలో మిగిలింది చూసి మరుసటి ఏడు మందులకు కోత మాత్రం పెట్టారు, దాని మీద ఆయనతో మేమిద్దరం పడ్డ గొడవ వేరే కథ.

ఆ అమ్మాయి ఇప్పుడు వేరే జిల్లాలో కెమిస్ట్రీ లెక్చరరు. ఈమధ్య ఫోన్లో మాట్లాడుతూ, తన ల్యాబులో ప్రతి బల్ల మీదా డ్రాపర్ సీసాలున్నాయనీ, మందులకు ఏ లోటూ లేదనీ, కోచింగు క్లాసుల మధ్య పిల్లల్ని ల్యాబుకు పంపడానికి మాత్రం ఎవరికీ పీరియడు దొరకదనీ, ప్రాక్టికల్ మార్కులు అందరికీ నిండుగా పడిపోతాయనీ చెప్పింది. సిల్వర్ నైట్రేట్ సీసాకు సీలు కూడా తీయకుండానే గడువు దాటిందట. అది వింటూ ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగాను. చుక్క ఒలకడం లేదు, సీసాలు నిండుగా ఉన్నాయి, మారు అడిగే పిల్లలే లేరు.