అరగంట అబద్ధం

మా మేనత్త పోయింది. కర్నూలులో నేను పంతులమ్మగా ఉన్న బడికి మొన్న నాయన రాసిన కార్డు వచ్చింది. రెండే రెండు వాక్యాలు. అంతకు మించి రాయడానికి ఆమె బతుకులో ఏమీ లేదనుకున్నాడేమో. చదవగానే నాకు ముందు కోపమొచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది.

ఎర్రగుంట్ల దగ్గర పల్లె మాది. అత్త పదకొండో ఏట విధవై పుట్టిల్లు చేరింది. వెంట తెచ్చుకున్నది ఒక్క గోడ గడియారం. వీధి గడప దాటకూడదు, శుభానికి ఎదురు రాకూడదు. పన్నెండో ఏట నేనూ అదే రాత రాసుకుని అదే గదిలోకి వచ్చిపడ్డాను. కిటికీ లేని గది. ఊపిరాడక ఏడుస్తుంటే అత్త నన్ను నడవాలోని గడియారం కింద కూర్చోబెట్టుకునేది. “ఇను పాపా. ఈ ఇంట్లో మనతో పలికేది ఇదొకటే ఉండాది” అనేది. ఆదివారం ఆదివారం తానే కీ ఇచ్చేది. మధ్యాహ్నం మెయిలు రైలు కూత విని ముల్లు సరిచూసుకునేది. నిమిషం తేడా వచ్చినా ఆమెకు అన్నం సయించేది కాదు. “మనిషి అబద్ధమాడితే ఆడనీ, గడియారం ఆడకూడదు” అనేది.

నాలాంటి పిల్లల్ని చేర్చుకుని చదివించే బడి మదరాసులో ఉందని తెలిసి, నన్ను పంపమని అత్త ఏడాదిపాటు నాయన ప్రాణం తీసింది. చివరకు ఆయన, “సరే, శుక్రవారం పంపిస్తా. పదిన్నరకు రాహుకాలం. ఆలోపల గడప దాటి బండెక్కితే సరి, లేదంటే మళ్ళీ ఆ మాటెత్తొద్దు” అన్నాడు.

ఆ శుక్రవారం పూజలో కూర్చున్న నాయన ఎంతకూ లేవడే! ఆయన చెప్పందే కదలడానికి లేదు. తోడు రావలసిన మామయ్య బండి దగ్గర నిలబడి గొణుగుతున్నాడు. మూట ఒళ్ళో పెట్టుకుని నేను గడప లోపల చచ్చిపోతున్నాను.

నాయన తీరిగ్గా వచ్చి, “రాహుకాలం వచ్చేసింటాది, ఇంకేం పోతారు” అంటూ తలెత్తి గడియారం చూశాడు. పదీ ఇరవై.

“ఇంకా పది నిమిషాలుండాయి కదప్పా, పంపించు” అంది అత్త.

అన్న మాట వెనక్కి తీసుకోలేక పంపించాడు. స్టేషన్లో గడియారం చూసి మామయ్య బిత్తరపోయాడు. మా ఇంటిది అరగంట వెనక! అత్తే ముల్లు తిప్పిందని నాకప్పుడు తెలిసింది. నేనెక్కిన మెయిలు కూసేసరికి మా గడియారం ఇంకా అరగంట వెనకే ఉండటంతో ఇంట్లో నాయనకూ తెలిసింది. “నేనే తిప్పినా” అందట అత్త, ఏమీ దాచకుండా. మర్నాడే ఆయన గడియారం దించి ఎవరికో ఇచ్చేశాడు.

ఉద్యోగం వచ్చాక కొత్త గడియారం తీసుకుపోతే నాయన దాన్ని గడప దాటి లోపలికి తేనియ్యలేదు. అత్తనైనా నాతో పంపమంటే, “ఒకదాన్ని పంపినందుకే బుద్ధొచ్చింది” అన్నాడు. నా చదువు, నా జీతం, ఈ గాలీ వెలుతురూ అన్నీ ఆమె ఇచ్చినవే. ఆమెను మాత్రం నేను ఆ గదిలోంచి బయటికి తేలేకపోయాను.

పోయినేడు అత్తను చూడబోయాను. చూపు బాగా తగ్గింది. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, బడి సంగతులు చెబుతుంటే ఊఁ కొడుతూ కూర్చుంది. ఎంతసేపటికో గమనించాను. ఆమె చూపుడువేలు నా అరచేతిలో తడుతూ ఉంది, ఒకే తీరుగా, ఒక్క దెబ్బా తప్పకుండా. నేను మాట ఆపేసినా ఆ వేలు ఆగలేదు.