మంగీలాల్ బండికి పెట్టిన బొట్లు

“బండి చెడిపోలే తమ్మీ. బండికి ఒక అలవాటైంది. చెడిపోవుడుకు, అలవాటుకు ఫరక్ ఉంటది గదా,” అంటూ మంగీలాల్ అంబాసిడర్ ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, లోపలి అంచు మాత్రమే నున్నగా అరిగిపోయిన టైరును అరచేత్తో నిమిరాడు.

వినడానికి వచ్చిన మనిషి మంచం అంచున సర్దుకున్నాడు. ఏ సంగతైనా మొదటినుంచి చెప్పమని అడిగే గుణం అతనిది. మంగీలాల్‌కు కావలసిందీ అటువంటి మనిషే. ఇంట్లోకి ఒకసారి తొంగి చూసి, భార్య రూప్లి పొయ్యి దగ్గరే ఉందని రూఢి చేసుకుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

టేకులపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఆ తండాలో మొదటి కారు అదే. మంగీలాల్ పాల్వంచ కరెంటు ప్లాంటులో ఫిట్టరు. మనిషెత్తు పంపులను విప్పి బిగించేవాడు గనుక, లోకంలో ఏ నట్టయినా తన మాట వింటుందని అతని నమ్మకం. నట్టు కానివాళ్లు వింటారా అన్నది వేరే సంగతి. సత్తుపల్లి వైపు మిరపతోటల ఆసామి వెంకటనారాయణ ఆ కారు అమ్ముతూ, “బండి బంగారం అండీ. కాకపోతే రబ్బర్లకి కాస్త వయసొచ్చింది,” అన్నాడట. ఆ రెండో మాట మంగీలాల్ చెవిన పడలేదు. మొదటి మాట ఇంకా అక్కడే మోగుతూ ఉంది.

రూప్లికి మాత్రం కారు మొదటి రోజునుంచీ కంటగింపే. ఆమె అడిగింది రెండు బర్రెలు. బర్రె పాలిస్తుంది, దూడనిస్తుంది, పేడయినా ఇస్తుంది, ఇదేమిస్తుంది? ఇచ్చింది. అడవి దారిలో ఒక మోడు గీసుకుని కొన్నాళ్లయ్యాక, నిలిపిన చోటల్లా నల్లటి నూనె మరక ఇచ్చింది. స్టీరింగు కడ్డీ చివర ముడతలు ముడతలుగా, గొంగళిపురుగులా ఉండే రబ్బరు తొడుగు చిరిగిపోయింది. మెకానిక్‌లు దాన్ని బూటంటారు. లోపలి నూనె బయటికి రాకుండా, బయటి దుమ్ము లోపలికి పోకుండా కాపలా కాయడమే దాని ఉద్యోగం. కాపలా పోయేసరికి దుమ్మంతా లోపలికి చేరి, స్టీరింగు తిప్పడం ఇసుర్రాయి తిప్పినట్టయింది.

రూప్లి అన్న పేరు దేవ్లా, ఉండేది రామ్‌సింగ్ తండాలో. అతను కారు కొనడానికి ఒక బేరగాడిని చూసిపెట్టాడు. అప్పుడు మొగుడూ పెళ్లాల మధ్య ఒప్పందం కుదిరింది. దసరా నాడు బండి వాకిట్లోంచి తనంతట తాను కదలాలి. మెకానిక్ చెయ్యి పడకూడదు, ఎందుకంటే తానుండగా మెకానిక్ ఎందుకని ప్రగల్భం పలికింది మంగీలాలే. కదిలితే బండి ఉంటుంది. కదలకపోతే బర్రెలొస్తాయి.

పండగ ముందురోజు జాకీ పెట్టి బండి లేపి, కింద రాళ్లు పేర్చి, ఎడమ చక్రం ఊడదీశాడు. కడ్డీ చివరి కీలును సుత్తితో రెండు పక్కలా కొట్టి వదిలించాడు. ఇక ఆ కీలును మరలు తిప్పి బయటికి తీస్తే తప్ప కొత్త బూటు లోపలికి ఎక్కదు. పని తెలిసినవాడు అక్కడ ఆగుతాడు. మరల మీద అది ఎంతవరకు బిగిసి ఉందో గుర్తు పెట్టుకోకుండా తీస్తే, మళ్లీ బిగించినప్పుడు ఒక చక్రం తూర్పు, ఇంకోటి ఈశాన్యం చూస్తాయి. మంగీలాల్ పని తెలిసినవాడే. ఆగాడు. గుర్తు పెట్టడానికి రంగు లేదు. దేవుడి గూట్లోంచి చిటికెడు కుంకుమ తెచ్చి, కొబ్బరినూనెలో తడిపి, కడ్డీ మీద సరిగ్గా ఆ చోట ఒక్క బొట్టు పెట్టాడు.

పాత బూటు కోసేశాడు. కొత్తది ఎక్కించాడు. దాన్ని బిగించే పట్టీ మాత్రం డబ్బాలో లేదు. ఇనుప తీగ కోసం టేకులపల్లి పోవాలి, అటునుంచి అటే రాత్రి డ్యూటీకి బస్సెక్కాలి. తెల్లారి వచ్చి బిగిస్తానని బండిని రాళ్ల మీదే వదిలి వెళ్లాడు.

సాయంత్రం దీపం పెట్టడానికి వచ్చిన రూప్లి ఆ బొట్టు చూసింది. కిందటేడు ప్లాంటులో ఆయుధపూజకు పోయినప్పుడు ఇల్లంత మిషన్లకు ఇంజనీర్లు బొట్లు పెట్టడం కళ్లారా చూసిన మనిషి. తన మొగుడు, దేవుడికి దండం పెట్టమంటే తల గోక్కునే మనిషి, తనంతట తాను బండికి బొట్టు పెట్టాడు. ఆమె మనసు మెత్తబడింది. ఇంతకాలం ఆ బండిని తిట్టినందుకు కొంచెం సిగ్గుపడింది కూడా. దసరా పొద్దున్నే లేచి, గ్రీజు మురికంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కడ్డీ పొడుగునా పసుపు రాసి, ఈ చివరనుంచి ఆ చివరకు వరసగా కుంకుమ బొట్లు పెట్టింది. కీలుకు, నట్టుకు, సుత్తికి, జాకీకి, దేనికీ తక్కువ చేయలేదు.

మంగీలాల్ తీగ చుట్టతో వచ్చి చూశాడు. బొట్లన్నీ ఒక చివరనుంచి లెక్కపెట్టాడు.

“వీటిల ముందుగాల ఉన్న బొట్టేది?” అని అడిగాడు చివరికి.

“బొట్టు ఎవరు పెట్టిండ్రని దేవుడే అడగడు. నువ్వేంది అడుగుతున్నవు?” అంది రూప్లి.

గుర్తుకని పెట్టానంటే భక్తి పోతుంది, భక్తని ఊరుకుంటే గుర్తు పోతుంది. మంగీలాల్ వరసలో తనకు నచ్చిన ఒక బొట్టును ఎంచుకుని, అక్కడికే బిగించాడు.

బండి కదిలింది. తండా అంతా వాకిట్లోకి వచ్చింది. పక్కన రూప్లి కొత్త బట్టలతో కూర్చుంది. రెండు బారలు పోయేసరికే మంగీలాల్‌కు అర్థమైంది: స్టీరింగు నిటారుగా పట్టుకుంటే బండి ఎడమకు లాగుతోంది, బండి నిటారుగా పోవాలంటే స్టీరింగును కుడికి వంచి పట్టుకోవాలి. వంచే పట్టుకున్నాడు. ఇల్లెందు రోడ్డెక్కి పండగ సంబరం చూసిరావాలని ఇద్దరూ అనుకున్నారు. కానీ దారి చీలే చోట కల్వర్టు మీద పదిమంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. అంతమంది ముందు వంకర స్టీరింగుతో పోవడం ఫిట్టరుకు తగునా? హుందాగా నిటారు చేశాడు.

బండి అంతే హుందాగా ఎడమ దారిలోకి దిగింది. అది అడవి బాట. ఒకసారి దిగితే తిప్పుకునే చోటు లేదు. పోయి పోయి ఆ బాట ఆగేది రామ్‌సింగ్ తండాలో, రూప్లి పుట్టింట్లో.

“మా అన్న ఇంటికా?” అంది రూప్లి. పెళ్లయినప్పటినుంచీ ఆమె గొంతు అంత మెత్తగా వినలేదు మంగీలాల్. కాపురంలో తాను చెప్పిన తెలివైన మాట ఏదంటే, ఆ రోజు చెప్పకుండా ఊరుకున్నదేనని ఇప్పటికీ అంటాడు.

దేవ్లా వాకిట్లో మంచం మీద బేరగాడు కూర్చుని ఉన్నాడు. బండి కదలదన్న ధీమాతో దేవ్లా అతన్ని పండగ భోజనానికే పిలిచాడు. కారు వచ్చి ముందర ఆగింది. దేవ్లా చేతిలో చెంబు చేతిలోనే ఉంది. రూప్లి దిగి, అన్నకు చెప్పాల్సిన మాట బేరగాడికే చెప్పింది: “పూజ చేసిన బండి ఇది. పిలవకున్నా నా పుట్టింటికి తొవ్వ పట్టింది. దీన్ని అమ్మేదేంది?”

అట్లా బండి నిలిచింది. ఆనాటినుంచి దాని వంకర కూడా నిలిచింది. సరిచేయిస్తానని మంగీలాల్ ఎప్పుడన్నా, “నా ఇంటి మొఖం చూసుడు నీకు వంకరనా?” అంటుంది రూప్లి. ప్లాంటు గేటు దగ్గర తోటి ఫిట్టర్లు నవ్వుతారు. టైర్లు ఒక పక్కే అరిగిపోతుంటాయి. బర్రెల మాట మాత్రం మళ్లీ రాలేదు.

ఇంట్లో పొయ్యి ఊదుతున్న చప్పుడు ఆగింది. మంగీలాల్ గబగబా లేచి, మోకాలి దుమ్ము దులుపుకుని దగ్గరికి వచ్చాడు.

“తమ్మీ, రేపు పాల్వంచ పోతవు గదా. కుడిపక్క బూటు గూడ పగిలింది. ఒకటి తే. ఇంటికి తేకు, టేకులపల్లి సైకిల్ దుకాణంల పెట్టు, ఆమె పుట్టింటికి పోయిన్నాడు నేనే తెచ్చుకుంట. కుడిది ఎట్లన్న విప్పాలె గనుక, అదే చేత్తోటి ఎడమది గూడ కొంచెం సదురుత. మొత్తం కాదు, కొంచెమే. ఆమెకు తెల్వనంత. ఇంకో మాట, గుర్తు పెట్టేటందుకు చిన్న డబ్బ రంగు గూడ తే. ఎరుపు వద్దు. పసుపు వద్దు. నీలం తే.”