మస్తరు ఫోటో

మా పేటను టౌనులో కలిపిన రోజు హడావుడి అంతా ఇంతా కాదు. నాయకులు వచ్చి రోడ్డు మీద కొబ్బరికాయ కొట్టి, "ఇక మీరు పట్నం వాళ్లు" అన్నారు. మేమడిగామా? ఒక్కరైనా మా గుమ్మంలోకి వచ్చి, అమ్మా, మీ ఊరు తీసేస్తున్నాం, మీకిష్టమేనా అన్నారా? సిక్కోలు జిల్లాలో ఓ మూల నలభై గడపల ఊరు. దాని మాట ఎవడిక్కావాలి!

అమ్మ మాత్రం మొదట్లో సంబరపడింది. కుళాయి వస్తుంది, వీధి దీపాలు వస్తాయి అనుకుంది. అంతలో వేసవి వచ్చింది.

ప్రతి వేసవికీ మా పేట ఆడవాళ్లు పదిమంది ఒక జట్టుగా ఉపాధి పనికి వెళ్లేవారు. పొలాల కాలవలో పూడిక తీసేవారు. ఆ జట్టుకు అమ్మే పెద్ద. నాన్న పోయాక మంచం పట్టిన మనిషిని లేపి నిలబెట్టింది ఆ పనే. తెల్లారేసరికి చద్దన్నం తిని, పార భుజాన వేసుకుని, "ఒలే, లెగండర్రా, ఎండెక్కిపోతాది" అని వీధంతా కేకేస్తూ పోయేది. పని దగ్గర ఫీల్డ్ అసిస్టెంటు ఫోన్‌తో ఫోటో తీసేవాడు. అందులో మొహం పడితేనే మస్తరు, అంటే హాజరు. ఒకసారి వెనక నిలబడ్డ అమ్మ మొహం పడక రోజంతా తవ్విన పని గాల్లో కలిసిపోయింది. అప్పట్నుంచి ఎవరైనా ఫోన్ పైకెత్తితే చాలు, పదిమందీ పారలు కింద పెట్టి, తలగుడ్డలు సర్దుకుని, పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక చకచకా వరస కట్టేవారు.

ఆ వేసవిలో అసిస్టెంటు పిలవలేదు. అమ్మే వెళ్లి అడిగింది.

"మీది టౌనయిపోనాది పిన్నీ. ఉపాధి పని పల్లిటూర్లకే. మీ కార్డులింక సెల్లవు" అన్నాడతను.

"టౌనేటిరా? నా ఇల్లు లెగిసి ఎక్కడికైనా ఎల్లిందేటి? నిన్నా అదే పాక, ఇయాలా అదే పాక!"

"నా సేతుల్లో నేదు పిన్నీ."

నాకు ఒళ్లు మండిపోయింది. కాలవకు అవతలి గట్టు పల్లెట, ఇవతలి గట్టు పట్నమట! అవతల మా మేనత్త పూడిక తీస్తుంటే, ఇవతల అమ్మ చేతులు కట్టుకుని కూర్చుని చూసేది. రానురాను మళ్లీ మంచం ఎక్కింది. ఇంటి పన్ను కాగితం మాత్రం టంచనుగా వచ్చింది. కుళాయి కూడా వేశారు, నీళ్లొక్కటే రావు.

వానలు పడ్డాయి. మా వీధి మురుగు కాలవ పూడిపోయి, నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. టౌను ఆఫీసుకి నేనే మూడుసార్లు తిరిగాను. రేపు రా, ఎల్లుండి రా. చివరికి అమ్మ మంచం దిగి పార తీసింది. "ఒలే, రండర్రా!" అని కేకేసింది. పదిమందీ వచ్చారు. మోకాలి లోతు బురదలో దిగి, మధ్యాహ్నానికల్లా నీళ్లు పారించారు.

అప్పుడు దిగాడు ఆఫీసు మనిషి, స్కూటర్ మీద, చొక్కా నలగకుండా. జేబులోంచి ఫోన్ తీసి పైకెత్తాడు.

పదిమందీ పారలు కింద పెట్టేశారు. బురద చేతులు చీరలకు తుడుచుకుని వరసగా నిలబడ్డారు. అమ్మ మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్లయిందో! "ఒసే, నీ మొకం కనపడతన్నాదా? ఇలగ ముందుకి రా" అని పక్కదాన్ని లాగుతోంది.

"తప్పుకోండమ్మా," అన్నాడతను చెయ్యి ఊపుతూ. "కాలవ శుభ్రం చేయించామని పైకి పంపాలి. మీరెందుకు మధ్యలో?"

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం తిట్టానో ఇక్కడ రాయను గానీ, తిట్టినందుకు ఇప్పటికీ బాధ లేదు. అమ్మ మాత్రం కదల్లేదు. "తియ్ బాబూ, తవ్వినోలం మేమే" అంది. అతను విసుక్కుని, మనిషన్నవాడు కనబడని ఆ చివరికి నడిచి, రెండు ఫోటోలు తీసుకుని స్కూటర్ ఎక్కేశాడు.

వరస ఇంకా చెదరలేదు.

"ఒలే, మేం పడ్డామేటే ఫోటోలో?" అని నన్నడిగింది అమ్మ.

"ఒక్కరూ పడలేదమ్మా."

"మరాడు తీసిందేటి?"

"కాలవ."