డైలమాకు ఒంగోలు కొమ్ములు

ఆ రోజుల్లో తెలియదని ఒప్పుకోవడం కంటే తెలిసినట్టు చెప్పడమే మాస్టారి మర్యాద అనుకునేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ల వయసు, గుంటూరులో మేడ మీద ఒక కోచింగ్ సెంటర్, ఉద్యోగ పరీక్షలకు లాజిక్ చెప్పే పని. సూత్రాలు బాగానే చెప్పేవాణ్ణి గానీ, ఆ ఇంగ్లీషు మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలియదు. మా నాన్న మిర్చి యార్డులో ఒక వ్యాపారికి సరుకు చూసిపెట్టేవాడు. టిక్కీ (అంటే మిర్చి బస్తా) అడుగుదాకా చెయ్యి దూర్చి మచ్చు తీసేవాడు. పైన ఎర్రకాయలు పేర్చి అడుగున తాలుకాయలు నింపేవాళ్లుంటారని ఆయనకు తెలుసు. ఈ సంగతి క్లాసులో గొప్పగా చెప్పేవాణ్ణి, నేను మాత్రం పై వరసతోనే సరిపెట్టుకునేవాణ్ణి. ఇంకోటి, అబద్ధం చెబితే నా చెవులు ఎర్రబడతాయి. (మా అమ్మ నన్ను ప్రశ్నలడిగేది కాదు, చెవులు చూసేది.)

క్లాసులో నాకంటే రెండేళ్లు పెద్దవాడొకడు ఉండేవాడు. నల్లపాడు నుంచి వచ్చేవాడు, తండ్రి టైలరు. నేను దగ్గినా రాసుకునేవాడు కాబట్టి అందరం డైరీ భాయ్ అనేవాళ్లం. ఒకరోజు లేచి, "మాస్టారూ, డైలమాకు రెండు కొమ్ములుంటాయని పుస్తకంలో ఉంది. కొమ్ములెందుకొచ్చాయండీ?" అన్నాడు. క్లాసంతా నా వైపే చూస్తోంది. "ఎందుకంటే," అన్నాను, తర్వాత ఏం రాబోతోందో నాకే తెలియకుండా, "పూర్వం ఒక గ్రీకు వర్తకుడు మన తీరంలో దిగి, ఒంగోలు గిత్తకు ఎదురుపడ్డాడు. ఎటు తప్పుకున్నా ఒక కొమ్ము సిద్ధంగా ఉంది. ఇంటికెళ్లాక ఆ ఇరకాటానికి డైలమా అని పేరు పెట్టాడు." వెనక బెంచీలో ఎవరో చప్పట్లు కొట్టారు. డైరీ భాయ్ గిత్త కింద రెండు గీతలు గీశాడు.

ఆరు నెలలకు అతనికి ఒంగోలులో ఒక ప్రైవేటు కాలేజీ నుంచి లెక్చరర్ ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. తండ్రికి చూపు తగ్గి మిషను ఆగిపోయింది, ఇంటికి ఆ ఉద్యోగమే దిక్కు. అక్కడ డైలమా మాట పుట్టుక అడిగారట. ఇతను గిత్త కథ మొత్తం అప్పజెప్పాడట. మర్నాడు నా దగ్గరికొచ్చి, "ముగ్గురూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారండీ. ఉద్యోగం రాలేదు. ఒంగోలులో ఉండి గిత్త సంగతి తెలియకపోవడమేంటి మాస్టారూ?" అని నా మొహంలోకి చూశాడు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్లీ రాలేదు. "అవును భాయ్, చదువుకున్నవాళ్లు తక్కువైపోయారు," అన్నాను. ఆ తర్వాత అతను క్లాసుకు రాలేదు.

నేను డిక్షనరీ కొన్నది అప్పుడు. గ్రీకులో 'డి' అంటే రెండు, 'లెమ్మా' అంటే ముందుగా ఒప్పుకున్న మాట. లాటిన్‌లో ప్రెమిస్ అంటే ముందు పెట్టినది, కన్‌క్లూజన్ అంటే మూసెయ్యడం, ఇన్‌ఫర్ అంటే లోపలికి మోసుకురావడం, ఫాలసీ అంటే మోసం (ఇక్కడ కాసేపు ఆగాను). కొమ్ములు తర్వాతెప్పుడో పండితులు తగిలించారట. గిత్త ఎక్కడా లేదు.

ఇన్నేళ్ల తర్వాత, పోయిన నెల ఒంగోలు నుంచి ఫోను. డైరీ భాయ్ అక్కడ సొంత కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడట, కొత్త బ్యాచికి నాలుగు మాటలు చెప్పమన్నాడు. వెళ్లేసరికి బోర్డు మీద పెద్ద గిత్త బొమ్మ, కొమ్ముల మధ్య డైలమా. నిజం చెబితే అతను తన పిల్లల ముందు నవ్వులపాలు, చెప్పకపోతే నా అబద్ధం ఇంకో తరానికి. అతణ్ణి వరండాలోకి పిలిచి అంతా ఒప్పేసుకున్నాను.

"ఆ రోజే తెలిసింది మాస్టారూ," అన్నాడు. "అవును భాయ్ అన్నప్పుడు మీ చెవులు పండుమిరపకాయల్లా ఉన్నాయి. ఇన్‌ఫర్ చేసుకున్నా."

"మరి నిలదీయలేదేం?"

"ఉద్యోగం నాకెలాగూ లేదు. మీకన్నా ఉండాలి గదండీ."

"మరి ఈ గిత్త?"

"మొదటి రోజు మీ కథ చెబుతా, అందరూ రాసుకుంటారు. రెండో రోజు డిక్షనరీ ఇచ్చి, టిక్కీ అడుగుదాకా చెయ్యి పెట్టమంటా. మూడో రోజు నుంచి నన్ను కూడా నమ్మరు. సబ్జెక్టు అక్కడ మొదలవుతుంది." తలుపు తీస్తూ మెల్లగా అన్నాడు, "ఇవాళ మొదటి రోజేనండీ."

ఏం చేస్తాను, గ్రీకు వర్తకుణ్ణి మళ్లీ ఒడ్డున దించాను. కలాలన్నీ పరిగెత్తాయి. ముందు వరసలో ఒకమ్మాయి మాత్రం కలం కింద పెట్టి నా చెవుల వైపే చూస్తోంది. ఆ ఇరవై నాలుగేళ్ల మాస్టారు గుర్తొచ్చాడు. పాపం, తెలియదనే ఒక్క మాట అతని నోట వచ్చి ఉంటే, ఒంగోలు గిత్తకు గ్రీసు దాకా నడిచే పని తప్పేది.