ఆమె తిన్నదా?

అచ్చంపేటలో పరశురాములు భార్య స్వరూపను "రచయిత్రమ్మ" అని పిలిచే మనిషి ఒక్కడే, లైబ్రరీ బుచ్చయ్య. ఆ పిలుపు కోసమే ఆమె మిట్టమధ్యాహ్నం కూడా లైబ్రరీకి నడిచిపోతుందని వాడకట్టులో నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ! పొద్దంతా పల్లికాయ ఒలిచి, బర్రెకు గడ్డేసి, ఇంటెడు చాకిరీ చేసే మనిషికి అంతమాత్రం మురిపెం ఉండొద్దా?

స్వరూప చదివేవి సీరియల్ నవలలు. పొయ్యి పక్క గూట్లో పుస్తకం నిలబెట్టి, ఒక చేత్తో గంటె, ఇంకో చేత్తో పేజీ తిప్పేది. ఆ నవలల్లో ఆడవాళ్లు అంట్లు తోమరు. మేడమీద నిలబడి సముద్రం చూస్తుంటారు, వెనకనుంచి ఒకాయన వచ్చి శాలువా కప్పుతాడు. చదివి చదివి లోకం కూడా ఆమెకు అట్లాగే కనపడాలనిపించేది. తొలకరి పడిన రోజు గడపలో నిలబడి "చిరుజల్లు" అని మురిసిపోతూ ఉంటే, పరశురాములు వచ్చి "వాన వడ్డది, జల్ది సద్ది గట్టు, విత్తనమేసొస్త" అన్నాడు. పాపం, స్వరూప ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

రాత కూడా అదే దారి పట్టింది. ఆమె కథలన్నీ విశాఖ తీరంలోనే జరిగేవి. విశాఖ మాట దేవుడెరుగు, ఆమె కృష్ణానది దాటి ఎరుగదు. కన్నతండ్రి, బాపు చనిపోయినప్పుడు కూడా కథ రాసింది. "శోకసాగర తరంగాలు" అని మొదలుపెట్టింది. బీడీ వాసన కొట్టే బాపు, సంతనుంచి వస్తూ కండువా కొసన బొంగుపేలాలు ముడేసుకొచ్చే బాపు, ఆ కథలో ఎంత వెతికినా దొరకడు. పత్రికలకు పంపితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అయినా బుచ్చయ్య పిలుపు ఉండనే ఉంది, దాంతోనే నెట్టుకొచ్చింది.

ఇంతలో మరిది నవీన్ పెళ్లయి, ప్రవళిక తోడికోడలుగా వచ్చింది. అదే ఏడాది అత్త నర్సింగమ్మకు చూపు పోయింది. టీవీ చూడలేక, పొద్దుపోక, ముసలామె పెద్దకోడలిని బతిమిలాడింది.

"ఎప్పుడు జూడు పుస్తకంల తలకాయ వెడ్తవు. అండ్ల ఏమున్నదో జర నాగ్గూడ సదివి ఇనిపియ్యరాదే."

స్వరూప మొదలుపెట్టింది. "ఆమె వ్యాకులచిత్తయై, ఏకాకిగా, సాగరతీరాన..."

"గదేంది? ఎవలామె? ఎవరి బిడ్డ? పొద్దున తిన్నదా?"

"నడుమ మాట్లాడితే రసం పోతది అత్తమ్మా!" అని స్వరూప పుస్తకం తెచ్చి ప్రవళిక ఒళ్లో పడేసింది. తన చేతులారా పడేసింది, అది గుర్తుపెట్టుకోండి.

ప్రవళికకు చదవడమొక్కటే కాదు, ఒడుపు కూడా తెలుసు. అదే వాక్యాన్ని "సముద్రం ఒడ్డుకు ఒక్కతే కూసొని రంది వెట్టుకున్నదట అత్తమ్మా" అని చెప్పింది.

"గట్ల జెప్పు. మరి తిన్నదా ఆమె?"

"ఇప్పుడే తిన్నది. జొన్నరొట్టె, పుంటికూర."

వంటింట్లో స్వరూపకు ఒళ్లు మండిపోయింది. కార్లలో తిరిగే విశాఖ నాయికకు పుంటికూరా! కానీ అత్తకు అదే కావాలి. కథలో ఎవరొచ్చినా ముందు వాళ్లు తిన్నారో లేదో తేలాలి, తరవాతే వాళ్ల ప్రేమలూ కష్టాలూ. అట్లా ఏళ్ల తరబడి, ప్రతి వాక్యాన్నీ ఇంటిమాటలోకి దింపుతూ, ముసలామె అడిగినదానికల్లా జవాబు చెబుతూ చదివింది ప్రవళిక. అత్తాకోడళ్లు ఆ గదిలో కిలకిలమంటుంటే పెద్దకోడలు ఇవతల గిన్నెలు దడదడలాడించేది.

పోయినేడు పాలమూరులో ఒక సాహితీసంఘం వాళ్లు కథల పోటీ పెట్టారు. స్వరూప విశాఖ కథే ఒకటి పంపింది. ప్రవళిక కూడా ఫోన్‌లో ఏదో టైపు చేసి పంపింది. చిన్నదానికి మొదటి బహుమతి వచ్చింది, ఆదివారం పేపర్లో కథ అచ్చయింది. పెద్దదాని పేరు చివరి వరసలో కూడా లేదు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అన్నారా! ప్రవళిక నవ్వను కూడా నవ్వలేదు, "అక్కా, నీ పుస్తకాలు సదివే గద నాకొచ్చింది" అంది. ఆ మాటకు స్వరూప కడుపు ఇంకింత రగిలింది. నా పుస్తకాలు, నా పొయ్యి, నా అత్త, ఆఖరికి బహుమతి దీనికా? ఆ పేపరును ముట్టుకోనైనా ముట్టుకోలేదు. కాళ్లీడ్చుకుంటూ లైబ్రరీకి పోతే బుచ్చయ్య ముఖమంతా నవ్వు చేసుకుని ఎదురొచ్చాడు.

"రండ్రి రండ్రి! మా రచయిత్రమ్మ వాళ్ల అక్క గదా మీరు! ఒకసారి ఆమెను గూడ తోల్కరాండ్రి, మా లైబ్రరీకి ఇజ్జత్."

అంతే. ఉన్న ఒక్క పిలుపూ పోయింది. తెచ్చుకున్న పుస్తకం అక్కడే బల్లమీద మరిచి ఇంటికొచ్చింది స్వరూప.

బహుమతి అందుకోవడానికి ప్రవళిక, నవీన్ పాలమూరు బస్సెక్కారు. వాళ్లు అటు పోయారో లేదో, నర్సింగమ్మ పేపరు చేతపట్టుకుని కూర్చుంది.

"సిన్నదాన్ని అడిగితే సిగ్గువడ్తున్నది. నువ్వన్న సదువే."

ఈ కథను ఈ రోజు చంపి పాతరేస్తాననుకుంది స్వరూప. కుళ్లు అంటే కుళ్లే, దాచేదేముంది? పుస్తకాల గొంతు పెట్టి, సాగదీసి, రుచీపచీ లేకుండా చదివితే సరి. పొయ్యిమీద ఎసట్లో బియ్యం పోసి వచ్చి మొదలుపెట్టింది. కానీ ఆ కథ ఆ గొంతుకు లొంగదే! ఇంటిమాటలు ఇంటిమాటల్లాగే నోట్లోంచి వచ్చేశాయి.

"మా అక్క పొయ్యికాడ నిలవడి సదువుతది. మా అక్కకు రెండిండ్లు. ఒకటి గిది, ఇంకోటి పుస్తకంల. గా ఇంట్ల ఆమెను ఎవ్వలు పిల్వరు, ఎవ్వలు ఏం అడుగరు. నేనెన్ని పుస్తకాలు సదివినగని ఒక్క లైను గూడ నా కోసం సదువలే. అక్కను జూస్తె నాకు కండ్లమంట."

తనే! తనను తెచ్చి కథలో పెట్టింది, ఎంత ధైర్యం! మరుక్షణం కడుపులో చల్లగా అయింది. ఓహో, ఇదీ నామీద ఏడుస్తోందన్నమాట! ఆ సంబరం కూడా ఎంతోసేపు నిలవలేదు. అన్ని పుస్తకాలు చదివింది, ఏ పుస్తకంలోనూ తనలాంటిది ఎదురుకాలేదు. గూట్లో పుస్తకం, గంటె పట్టిన చెయ్యి, ఇదంతా రాయొచ్చని తనకు ఎందుకు తట్టలేదు? రోజూ తను నిలబడే చోటే కదా! తన సొత్తు తన కళ్లముందే ఇంకొకరు ఎత్తుకుపోయినట్టు దుఃఖం ముంచుకొచ్చింది. చదవడం ఆపి పేపరు ఒళ్లోకి దించింది.

నర్సింగమ్మ ఊరుకుంటుందా?

"ఆమె తిన్నదా?"

స్వరూప కళ్లు తుడుచుకుని వెతికింది. కథలోని ఆ ఇంట్లో మామ తిన్నాడు, పిల్లలు తిన్నారు, అత్త తిన్నది, బర్రె కూడా తిన్నది. పెద్దకోడలు తిన్నట్టు మాత్రం ఎక్కడా లేదు.

"రాయలే అత్తమ్మా. మర్సిపోయింది నీ సిన్నకోడలు," అంది, ఆ మాటలో ఉన్న తీపినంతా చప్పరిస్తూ.

"గదేంది! అందరికి వండివెట్టినామె తినకుంటె ఎట్ల? అది మరిస్తె నువ్వు రాయి. నువ్వు గూడ రాస్తవు గదా."

స్వరూప ఉలిక్కిపడింది. "నేను రాస్తనని నీకెర్కనా?"

"ఎర్కలేకేంది. అన్నం మాడితె సదువుతున్నవని, కూరల ఉప్పు మరిస్తె రాస్తున్నవని. కండ్లు వోతె ముక్కు, నాలుక గూడ పోతయా? రాయి బిడ్డా. ప్రవళిక సదివి ఇనిపిస్తది."

మళ్లీ ప్రవళికే! స్వరూప పేపరు మడిచి పక్కన పడేసింది.

"ఆమెందుకు? నాకు నోరు లేదా? నేనే సదువుత."

"నీకు నడుమ మాట్లాడితె కోపమాయె."

"మాట్లాడు అత్తమ్మా. ఏమడుగుతవో అడుగు. దానికంటె మంచిగ రాస్త, సూడు."

"ముందుగాల లేసి పో. నీ అన్నం మాడుతున్నది."

నిజమే, వాసన ఇల్లంతా పట్టింది. స్వరూప పరుగున పోయి దించి, మాడని అన్నం పైపైన తీసి పళ్లెంలో పెట్టుకుంది. రోజూ అందరూ లేచాక పొయ్యి దగ్గర తినే మనిషి, ఆ పళ్లెం తెచ్చుకుని అత్త మంచం పక్కనే కింద కూర్చుంది. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"ఇగో అత్తమ్మా, ఆమె తింటున్నది."

"ఏం కూర?" అంది నర్సింగమ్మ.